తిరునాళ్ళ గాజు

పల్నాటిసీమలో నరసరావుపేటకు సమీపమున కోటప్పకొండ కలదు. మహాశివరాత్రినాడు అచ్చట త్రికోటేశ్వరస్వామికి జరుగు తిరునాళ్ళ ఆంధ్రదేశమున మిక్కిలి పేరుపొందినది. చుట్టుపట్ల గ్రామములవారు ఎత్తైన ప్రభలను గట్టి, రంగురంగుల అలంకారములతోను, దీపములతోను తీర్చి, మేళతాళములతో కొండక్రిందికి తరలించుకొని వత్తురు. అది నల్లరేగడి నేలలలో పత్తితీత ముగింపునకు వచ్చు కాలము. కళ్ళములలో మిరపకాయ ఎఱ్ఱని తివాచీ పఱచినట్లు ఆఱుచుండు కాలము. ఏడాది పొడవున చెమటోడ్చిన రైతుకుటుంబము తిరునాళ్ళకు పోయి, స్వామిని దర్శించుకొని, తిరిగివచ్చునపుడు పిల్లలకొక ఆటవస్తువును, ఆడువారికొక డజను గాజులను కొని తెచ్చుట వాడుక.

తిరునాళ్ళలో కొన్న వస్తువునకు వెల స్వల్పము, ఆయువును స్వల్పమే. అది పగిలినచో ఆ పూటకు పిల్లవాడు ఏడ్చును, మఱునాటికి మఱచిపోవును. అట్లు ఒకప్పుడు సంతలలోను, ఉత్సవములలోను చౌకగా చేతులు మాఱిన ఒక విధమగు గాజుసామాను, నేడు పలుదేశములలో అద్దాల బీరువాలలో భద్రపఱుపబడుచున్నది. అందు అరుదైనవి వేలముపాటలలో గొప్ప వెలలకు అమ్ముడగుచున్నవి. ఆంగ్లమున దానికి 'కార్నివాల్ గ్లాస్' అని పేరు. కార్నివాల్ అనగా జనులు గుమిగూడి వేడుక చేసికొను ఉత్సవము. కావున ఆ గాజును తెలుగున తిరునాళ్ళ గాజు అనవచ్చును. చౌకవస్తువునకు ఇంతటి గౌరవ మెట్లు కలిగెను? దానిని సేకరించువారు అందు ఏమి చూచుచున్నారు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనవలెనన్న, ముందుగా ఆ గాజు ఎట్టిదో తెలియవలెను.

తిరునాళ్ళ గాజు చూపరులను మొదట ఆకర్షించునది దాని వన్నెచేత. పావురము మెడ త్రిప్పినపుడు ఈకలపై వన్నెలు మాఱును. వానవెలసిన పిదప బాటమీది నీటిలో నూనెచుక్క పడినచో ఇంద్రధనుస్సు ముక్క నేలపై పరచినట్లు తోచును. ఈ గాజును అట్టిదే. గిన్నెను ఒకవైపు వంచినచో బంగారు వన్నె కనబడును. మఱియొకవైపు వంచినచో నీలమును, ఊదాయు, ఆకుపచ్చయు దోబూచులాడును. గిన్నె ఒక్కటియే, వెలుతురు ఒక్కటియే. చూచు కోణము మాఱినంతనే రంగు మాఱుచున్నది.

ఈ రంగులు కుంచెతో పూసినవి కావు. సబ్బుబుడగను తలచుకొన్నచో దీని రహస్యము బోధపడును. సబ్బునీటికి రంగు లేదు. కాని బుడగపై రంగులు తిరుగును. ఏలయన బుడగ యొక్క పొర మిక్కిలి పలుచనిది. దానిపై పడిన వెలుతురు కొంత పొర పైతలమునుండి వెనుకకు మరలును. కొంత లోనికి పోయి, అడుగుతలమునుండి మరలును. వెలుతురు అలల రూపమున ప్రయాణించును గనుక, ఈ రెండు అలలును తిరిగి కలిసికొనునపుడు, శిఖరముతో శిఖరము కలిసిన రంగు ప్రకాశించును; శిఖరము పల్లముతో కలిసిన రంగు అణగిపోవును. ఏ రంగు వెలుగవలెనో, ఏ రంగు అణగవలెనో నిర్ణయించునది పొర మందమును, మనము చూచు కోణమును. పలుచని పొరలలోని ఈ రంగులను న్యూటను శ్రద్ధగా పరిశీలించెను. పందొమ్మిదవ శతాబ్ది తొలిదినములలో థామస్ యంగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వానికి అలల సిద్ధాంతముచేత కారణము చెప్పెను. సబ్బుబుడగ క్షణములో చిట్లిపోవును. తిరునాళ్ళ గాజు అట్టి వన్నెను ఏండ్ల తరబడి నిలుపుకొనును. అందుకే దానిని చిట్లని బుడగ అనిన తప్పులేదు.

ఇక దానిని చేయు విధానము. గాజునకు ముఖ్యమైన ముడిపదార్థము ఇసుక. నెల్లూరుసీమలోని గూడూరు, చిల్లకూరు ప్రాంతముల తెల్లని ఇసుక గాజు పరిశ్రమకు పేరుపొందినది. ఇసుక ఒక్కటియే కరగవలెనన్న సుమారు 1,700 డిగ్రీల వేడిమి కావలెను. సోడాను చేర్చినచో అంతకంటె తక్కువ వేడిమికే కరగును. అయితే సోడాతోడి గాజు నీటిలో కరగిపోవు స్వభావము కలది. దానికి సున్నము చేర్చినపుడే గట్టితన మబ్బును. ఈ మూటిని కొలిమిలో కరగించి, తేనెవలె జారుచున్న ముద్దను ఇనుప అచ్చులో వేసి, పైనుండి మఱియొక ఇనుప దిమ్మెతో ఒత్తుదురు. అచ్చులో చెక్కిన పువ్వులు, లతలు, పక్షులు గాజుపై ఉబ్బెత్తుగా తేలును. నోటితో ఊది గాజుపాత్రను చేయుటకు ఏండ్ల అనుభవము గల పనివాడు కావలెను. అచ్చులో ఒత్తుట వలన ఒకే విధమగు గిన్నెలు వందలకొలది త్వరగా తయారగును. అమెరికాలో 1820 ప్రాంతమున ఈ పద్ధతి ప్రబలుటతో సామాన్యుల ఇండ్లకు గాజుసామాను వచ్చెను.

అచ్చునుండి తీసిన గిన్నె ఇంకను వేడిగా ఉండగనే, ఇనుము, తగరము మొదలగు లోహముల లవణములను నీటిలో కలిపి, సన్నని తుంపరగా దానిపై చిమ్ముదురు. వేడిగాజును తాకినంతనే ఆ తుంపర లోహభస్మపు పలుచని పొరయై గాజునకు అంటుకొనును. వన్నెకు మూలము ఆ పొరయే. గాజు చల్లారకమున్నే నేర్పరియగు పనివాడు పనిముట్లతో గిన్నె అంచును కుచ్చెళ్ళవలె మడచును. లేదా పూలకూజా మెడను పైకి సాగదీయును. కావున ఒకే అచ్చున పుట్టినను ఏ రెండు గిన్నెలును అచ్చముగా ఒక్కతీరున నుండవు. యంత్రము సగము పని చేసినది. మిగిలిన సగము మనుష్యుని చేయి చేసినది.

ఈ వన్నెగాజునకు పూర్వచరిత్ర కలదు. రోమనుల కాలపు గాజుపాత్రలు శతాబ్దుల తరబడి నేలలో పూడియుండుటచే, తేమకు పైపొరలు మార్పుచెంది, త్రవ్వి తీసినపుడు ఇంద్రధనుస్సు రంగులతో మెఱసినవి. ఆ సౌందర్యమును చూచి ముగ్ధులైన పాశ్చాత్య శిల్పులు అట్టి వన్నెను కృత్రిమముగా సాధింప యత్నించిరి. న్యూయార్కు నగరమున లూయీ టిఫనీ 1894లో తన వన్నెగాజునకు 'ఫావ్రైల్' అను పేరును నమోదు చేయించెను. బొహీమియాలోని లోట్జ్ సంస్థయు అట్టి పాత్రలను చేసెను. అవి చేతితో ఊది చేసినవి. ధనికుల మేడలకే పరిమితమైనవి.

ఆ సౌందర్యమును పేదవాని ఇంటికి తెచ్చినవారిలో మొదట పేర్కొనదగినవారు ఫెంటన్ సోదరులు. వారు 1905లో ఒహైయో రాష్ట్రమున సంస్థను ప్రారంభించి, అనంతరము పశ్చిమ వర్జీనియాలోని విలియమ్స్‌టౌనులో కర్మాగారమును నెలకొల్పిరి. అచ్చట 1907లో అచ్చుగాజుపై లోహలవణములను చిమ్మి, వన్నెగిన్నెలను చౌకగా తయారుచేసిరి. వెంటనే నార్త్‌వుడ్, ఇంపీరియల్ మొదలగు సంస్థలు పోటీకి దిగినవి. గాజుపనివారికి పేరుపొందిన ఇంగ్లండునందలి స్టౌర్‌బ్రిడ్జి ప్రాంతమునుండి అమెరికాకు వలసవచ్చిన హారీ నార్త్‌వుడ్ తన సరకు అడుగున వలయములో ఆంగ్లాక్షరమగు 'ఎన్' గుర్తును వేయించెను. పిమ్మట ఈ విద్య సముద్రములు దాటెను. ఇంగ్లండు, జర్మనీ, స్వీడన్, ఫిన్లండు దేశములలో అట్టి గాజు తయారయ్యెను. ఆస్ట్రేలియాలోని క్రౌన్ క్రిస్టల్ సంస్థ తమ దేశపు కంగారూను, కూకబర్రా పక్షిని అచ్చులలో చెక్కించెను. ఏ దేశమువారు ఆ దేశపు జీవజాలమును గాజుపైకెక్కించుకొనుట చూడ ముచ్చటైన విషయము.

అయితే లోకుల అభిరుచి చంచలమైనది. ధనికులు కోరినదానిని సామాన్యులు పొందినంతనే ధనికులకు దానిపై మోజు తగ్గెను. కొలదికాలమునకు సామాన్యులకును తగ్గెను. 1920 తరువాత అమెరికాలో ఈ గాజునకు గిరాకి సన్నగిల్లెను. అమ్ముడుపోని సరకు చౌకబేరములకు పోయెను. ఉత్సవములలో గుఱి తప్పక బంతి విసరినవారికి దానిని బహుమానముగా ఇచ్చెడివారని చెప్పుదురు. ఆ కారణముననే 'కార్నివాల్' అను పేరు కొన్ని దశాబ్దుల పిదప దానికి స్థిరపడెను. పుట్టినపుడు లేని పేరు, పరువు పోయిన పిమ్మట వచ్చినది. పరువు తిరిగివచ్చిన పిమ్మటను అదియే నిలిచినది.

మన దేశమునకు కూడ ఈ చరిత్రలో స్థానము కలదు. ఉత్తరప్రదేశమున ఆగ్రాకు సమీపముననున్న ఫిరోజాబాదు గాజుపనికి పుట్టినిల్లు. పూర్వము మలారము భుజమున వైచుకొని వీధివీధి తిరిగిన గాజులవాడైనను, నేడు తిరునాళ్ళలో అంగడి పెట్టిన వర్తకుడైనను, అమ్ము గాజులలో అధికభాగము ఆ పట్టణమునుండి వచ్చినవే. అచ్చటనే ఛదామీలాల్ జైన్ అను పారిశ్రామికుడు స్థాపించిన జైన్ గ్లాస్ వర్క్స్ సంస్థ తిరునాళ్ళ గాజును తయారుచేసెను. నీరు త్రాగు గ్లాసులు, చేపరూపమున నిలిచిన పూలకూజాలు, గాజులు తొడిగిన స్త్రీహస్తము ఎత్తిపట్టినట్లున్న పూలకూజాలు దాని ప్రత్యేకతలు. కొన్ని గ్లాసుల అడుగున 'జైన్' అను ఆంగ్లాక్షరములు అచ్చులోనే పడియుండును. పాశ్చాత్య సేకర్తల చేతికి ఈ వస్తువులు చేరినపుడు, వాని పుట్టినచోటును చాటిచెప్పిన సాక్ష్యము ఆ అక్షరములే.

ఇట ఒక విషయమును మఱువరాదు. వెల తక్కువైన వస్తువు వెనుక శ్రమ తక్కువ కాదు. ఫిరోజాబాదు కొలుముల యెదుట దుర్భరమైన వేడిలో పనివారు పాటుపడిరి. చదువుకొనవలసిన ఈడు పిల్లలును వారిలో నుండిరి. ప్రమాదకరమైన పనులలో బాలలను నియోగించుటను నిషేధించుచు 1986లో భారత పార్లమెంటు చట్టము చేసెను. బొగ్గుపొగవలన తాజమహలునకు హాని కలుగుచుండుటచే, ఆ ప్రాంతపు పరిశ్రమలు బొగ్గును విడిచి సహజవాయువును వాడవలెనని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించెను. చేతిలోని గిన్నె మెఱపును చూచువాడు, ఆ మెఱపునకై కొలిమి ముందు నిలిచినవానిని గూడ తలచుట న్యాయము.

తెలుగుసీమకు గాజుపని క్రొత్త కాదు. తిరుపతికి సమీపమున ఏర్పేడు మండలములోని పాపానాయుడుపేటలో గాజుపూసలు చేయు పురాతన విధానము తరతరములుగా నిలిచివచ్చినది. కరగిన గాజును కొలిమినుండి సన్నని బోలుగొట్టముగా లాగి, దానిని చిన్నచిన్న ముక్కలుగా కోసి పూసలు చేయుదురు. పుదుచ్చేరి సమీపముననున్న ప్రాచీన రేవుపట్టణమగు అరికమేడులో దొరకిన పూసలును ఇట్లు లాగి చేసినవే యని పరిశోధకులు గుర్తించిరి. చిన్న పూసయైనను జాగ్రత్తగా పరిశీలించినవానికి రెండువేల ఏండ్ల చరిత్రను చెప్పగలదు.

తిరునాళ్ళ గాజునకు పోయిన పరువును తిరిగి తెచ్చినవారు సేకర్తలే. 1950, 1960 దశకములలో అమెరికాలో కొందరు అటకలమీదను, పాతసామానుల అంగళ్ళలోను పడియున్న ఈ గిన్నెలను వెదకి తీసిరి. మేరియన్ హార్టంగ్ అను నామె ఒక్కొక్క నమూనాను రేఖాచిత్రముగా గీసి, వర్ణించి, వరుసగా పది చిన్న పుస్తకములను ప్రకటించెను. నమూనాలకు పేరులు పెట్టినవారును, ఏది ఏ కర్మాగారముదో పాత వ్యాపారప్రకటనలతో పోల్చి తేల్చినవారును చాలవఱకు ఇట్టి సామాన్య సేకర్తలే. సంఘములు ఏర్పడెను, పత్రికలు వెలువడెను. ఆదరణ పెరిగిన కొలది పాత సంస్థలు తిరిగి వన్నెగాజును చేయ మొదలిడెను. ఫెంటన్ సంస్థ 1970 నుండి క్రొత్త సరకుపై తన పేరును అచ్చువేసి, పాతదానికి క్రొత్తదానికి భేదము తెలియునట్లు చేసినది. ఆ సంస్థ 2011లో తన సంప్రదాయపు గాజుపనిని ఆపివేసెను.

సేకరణ అనగా కనబడినదెల్ల కొని పోగుచేయుట కాదు, చూచుట నేర్చుకొనుట. తిరునాళ్ళ గాజును పరీక్షించువాడు మొదట గిన్నెను బోర్లించి, అడుగును వెలుతురునకు ఎత్తిపట్టి చూచును. వన్నెపొర తఱచుగా అడుగున ఉండదు గనుక గాజు యొక్క అసలు రంగు అచ్చట బయటపడును. తెల్లని గాజుపై నారింజవన్నె నిచ్చినది మిక్కిలి విరివిగా దొరకును. ఆంగ్లేయులు దానిని బంతిపూవు పేరుతోనే పిలుతురు. నీలము, వంగపండు, ఆకుపచ్చ గాజులు అంతకంటె తక్కువ; నిండు ఎఱ్ఱగాజు అరుదు. పిదప అచ్చు భాగములు కలిసినచోట ఏర్పడిన గీతలను, అడుగుననున్న గుర్తును, ఏండ్ల వాడుకచే అడుగున పడిన సన్నని గీరలను చూచును. అంచువెంట వ్రేలితో మెల్లగా తడిమి, పెచ్చు ఊడినదో లేదో తెలిసికొనును. పాత అచ్చులలో క్రొత్తగా పోసినవియు, పాత గుర్తును అనుకరించినవియు కలవు గనుక, ఒక్క గుర్తును మాత్రమే నమ్మి మోసపోరాదు.

వస్తువు అరుదగుటకు అందము ఒక్కటియే కారణము కాదు. ఫెంటన్ సోదరులలో ఒకడగు జాన్ ఫెంటన్ 1909లో మిల్లర్స్‌బర్గులో వేఱుగా కర్మాగారము పెట్టి, చక్కని సరకు చేసి, కొలదికాలములోనే దివాలా తీసెను. ఆయన సరకు తక్కువగా మిగిలినందున నేడు సేకర్తలు దానికై పోటీపడుదురు. ఆయనకు నష్టము తెచ్చిన గిన్నెయే ఇతరులకు నిధియైనది.

ఇట్టి గాజును కాపాడుటకును తెలివి కావలెను. మన ఇండ్లలో ఇత్తడి చెంబును చింతపండుతోను, బూడిదతోను తోమి తళతళలాడించుట అలవాటు. ఆ విధముగా వన్నెగాజును తోమినచో పలుచని పొర అరిగి, కొంతకాలమునకు వట్టి గాజే మిగులును. గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, మెత్తని గుడ్డతో కడిగి తుడువవలెను. మఱుగునీటిని పోయరాదు. లోపలి గాజు వేడికి వ్యాకోచించును, వెలుపలిది చల్లగానే ఉండును. ఆ ఒత్తిడికి పాత్ర పగులును. గోంగూరపచ్చడికిని, పండుమిరప కారమునకును జాడీయే తగిన స్థానము. ఉప్పును పులుపును కలిసి వన్నెపొరను చెరచును గనుక, వానిని ఈ గిన్నెలలో నిలువయుంచరాదు.

సేకరణ ధనికులకే తగినదని కొందరందురు. హైదరాబాదునందలి సాలార్‌జంగ్ మ్యూజియమును చూచినవారికి అట్లు తోచుట సహజమే. మూడవ సాలార్‌జంగు అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్ తన జీవితకాలములో అపారధనము వెచ్చించి, దేశదేశముల గాజుపాత్రలను, శిల్పములను, గడియారములను సేకరించెను. ఆయన 1949లో మరణించిన పిమ్మట, 1951లో ఆ సంపద ప్రజల దర్శనార్థము తెరువబడెను. అచ్చటి ఐరోపా గాజుసామానును నేడు పాఠశాల విద్యార్థులెందరో చూచి ఆనందించుచున్నారు. కాని నవాబు కొన్నది ఎట్లును భద్రముగా ఉండును. తిరునాళ్ళలో సామాన్యురాలు కొన్నదానిని భద్రపఱుచువారెవరు? అమెరికా సంస్థల వ్యాపారప్రకటనలు, ధరలపట్టికలు మిగిలియున్నందున వాని చరిత్ర తెలియుచున్నది. మన దేశపు కర్మాగారములకు అట్టి ఆధారములు కొద్ది. కావున అల్మరాలో మిగిలిన గ్లాసే సాక్షి. అది పగిలినచో ఒక వస్తువే కాదు, ఒక సాక్ష్యమే నశించును.

ఇందులకు డబ్బు అక్కఱలేదు. ఇంటిలోని పాత గాజువస్తువును చేతనందుకొని, దాని ఎత్తును, రంగును, అడుగున ఉన్న గుర్తును ఒక పుస్తకములో వ్రాసికొనవచ్చును. అది ఎచ్చట కొన్నదో, ఏ సందర్భమున ఇంటికి వచ్చినదో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి తెలిసికొనవచ్చును. గిన్నె ఉండియు కథ తెలిసినవారు లేనిచో సగము చరిత్ర పోయినట్లే. తిరునాళ్ళ గాజు మొదట పేదవాని అలంకారము. పిమ్మట అటకమీది చెత్త. నేడు బీరువాలోని నిధి. ఈ మూడు దశలలోను గిన్నె మాఱలేదు. మాఱినది చూచువాని దృష్టి. వెలుతురు పడు కోణమును బట్టి వన్నె మాఱునట్లే, తెలిసి చూచువాని కంటికి అల్పవస్తువును తన విలువను బయటపెట్టును.